కొత్త తరం వేరే చోట చదివితే విశ్వవిద్యాలయంతో కుటుంబ బంధం తెగిపోతుందా?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ ముత్తాతగారు ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు, తాతగారూ నాన్నగారూ అక్కడే పట్టాలు పుచ్చుకున్నారు, ఇప్పుడు మీ అమ్మాయి మాత్రం తనకు నచ్చిన శాఖ మరో విశ్వవిద్యాలయంలో బాగుందని అక్కడే చేరతానంటోంది. మూడు తరాలుగా వస్తున్నది తన కళ్ళముందే ఆగిపోతుందేమోనని మీ నాన్నగారు మథనపడుతున్నారు. ముత్తాతగారి పేరిట స్వర్ణ పతకం నెలకొల్పితే బంధం నిలుస్తుందని ఇంట్లో ఒకరు, నిధి ఇచ్చిన కుటుంబానికి ప్రవేశాల్లో కాస్తయినా మన్నన ఉండకపోదని మరొకరు అంటున్నారు. ముత్తాతగారి కాగితాల పెట్టె ఒకటి అటకమీద ఉందన్న సంగతిని మాత్రం మీరు చివర ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు.

నేను విశ్వవిద్యాలయ పరిపాలనలో ధర్మనిధుల విభాగంలోనూ, ఆ తరవాత చాలాకాలం పాత పత్రాలను భద్రపరిచే విభాగంలోనూ పనిచేశాను. మీవంటి కుటుంబాలు ఈ రెండు గుమ్మాలకూ వస్తూంటాయి. కనుక నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: అమ్మాయిని తనకు నచ్చిన చోటే చదువుకోనివ్వండి, దానివల్ల తెగేదేమీ లేదు, పతకం పెట్టండి గాని దాన్ని సీటుతో ముడిపెట్టకండి, మీరు ఒక్క వాక్యంలో వదిలేసిన ఆ పెట్టె ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైనది. ఒక కుటుంబం ఏం చేసి వెళ్ళింది, ఏం ఇచ్చి వెళ్ళింది అన్నదే విశ్వవిద్యాలయాలకు గుర్తుంటుంది. ఎవరి తరవాత ఎవరు చేరారన్నది రిజిస్టర్లలో ఉంటుంది, అంతే.

ఈ మాట ఊరికే అనడం లేదు. ఒకే కుటుంబం ఒకే విశ్వవిద్యాలయంలో తరతరాలుగా కొనసాగిన ఉదాహరణలు చరిత్రలో కావలసినన్ని ఉన్నాయి. వాటిలో కొన్ని కీర్తికి, కొన్ని హెచ్చరికకు పనికివస్తాయి. స్కాట్లాండ్‌లోని ఎడింబరా విశ్వవిద్యాలయపు శరీర నిర్మాణ శాస్త్ర పీఠం (ఆ శాస్త్రపు ఆచార్య పదవి) 1720 నుంచి 1846 వరకు, అంటే 126 సంవత్సరాలు, అలెగ్జాండర్ మన్రో అనే ఒకే పేరు గల తాత, కొడుకు, మనవడి చేతుల్లోనే ఉంది. గుర్తుపట్టడానికి వాళ్ళను లాటిన్‌లో ప్రైమస్, సెకండస్, టెర్షియస్ అని పిలుస్తారు. మొదటి మన్రో ఆ వైద్య పాఠశాలకు యూరప్ అంతటా పేరు తెచ్చాడు. రెండో మన్రో తండ్రిని మించినవాడు; మెదడులోని ఒక రంధ్రం ఇప్పటికీ ఆయన పేరుతోనే వైద్య విద్యార్థుల పాఠ్యగ్రంథాల్లో కనిపిస్తుంది. మూడో మన్రోకు వచ్చేసరికి పీఠం వారసత్వంగా వచ్చింది గాని ఉత్సాహం రాలేదు. తాతగారి ఉపన్యాసాల రాతప్రతిని ఒక్క అక్షరం మార్చకుండా చదువుతూ, తాతగారు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విద్యార్థిగా ఉన్ననాటి ముచ్చటను సైతం తన అనుభవంలాగే చదివేసేవాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అది కథే కావచ్చు. కాని 1825లో వైద్యం చదవడానికి ఎడింబరా వచ్చిన చార్లెస్ డార్విన్, ఆ ఉపన్యాసాలు చెప్పే మనిషి ఎంత నిస్సారమో పాఠాలూ అంత నిస్సారమని తన ఆత్మకథలో రాసుకున్నాడు. అదే కాలంలో విశ్వవిద్యాలయం గోడల బయట రాబర్ట్ నాక్స్ వంటి ప్రైవేటు బోధకుల తరగతులు వందల మంది విద్యార్థులతో కిక్కిరిసిపోయేవి. పీఠం కుటుంబంలోనే ఉండిపోయింది, విద్యార్థులు బయటికి వెళ్ళిపోయారు.

స్విట్జర్లాండ్‌లోని బాజెల్ విశ్వవిద్యాలయంలో గణిత పీఠం 1687 నుంచి 1790 వరకు బెర్నూలీ కుటుంబానిదే. మొదట యాకోబ్, ఆయన మరణం తరవాత 1705లో తమ్ముడు యోహాన్, ఆయన తరవాత 1748లో కొడుకు రెండో యోహాన్. ఇక్కడ మన్రోల కథలోలాగ మూడో మనిషికి వచ్చేసరికి మొత్తం చప్పబడిపోలేదు; కాని కుటుంబం ప్రతిభావంతమైనదైతే వచ్చే చిక్కు వేరు. యాకోబ్, యోహాన్ అన్నదమ్ములు పత్రికల్లో బహిరంగంగా కలహించుకున్నారు. 1734లో పారిస్ అకాడమీ బహుమతిని తండ్రీ కొడుకులైన యోహాన్, డేనియల్ చెరిసగం పంచుకోవలసి వచ్చినప్పుడు, కొడుకుతో సమానంగా నిలబడడం తండ్రికి మింగుడుపడలేదు. ఆనాటి జర్మన్ భాషా ప్రాంతాల్లోని అనేక చిన్న విశ్వవిద్యాలయాల్లో ఆచార్య పదవులు కొడుకులకూ అల్లుళ్ళకూ సంక్రమించడం ఎంత మామూలైపోయిందంటే, ఆ ధోరణికి అడ్డుకట్ట వేయడానికి బాజెల్‌లో తుది జాబితాలోని అభ్యర్థుల మధ్య చీటీలు వేసి ఆచార్యుణ్ణి ఎంపిక చేసే పద్ధతి పెట్టారు. ఆ పద్ధతికీ గుడ్డితనం ఉంది: బాజెల్ భౌతికశాస్త్ర పీఠానికి దరఖాస్తు పెట్టిన, ఇరవయ్యేళ్ళయినా నిండని, తరవాత గణితంలో మహామహుడైన లెయొనార్డ్ ఆయిలర్ పేరు చీటీల దాకా కూడా రాలేదు, ఆయన 1727లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు వెళ్ళిపోయాడు. బాజెల్ పోగొట్టుకున్నది ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

మన దేశపు ఉదాహరణ ఒకటి. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో అలీగఢ్‌లో విద్యాసంస్థను స్థాపించాక, తన తరవాత నిర్వహణ కుమారుడు సయ్యద్ మహమూద్ చేతికి రావాలని 1889లో ట్రస్టీల నిబంధనల్లోనే ఏర్పాటు చేశారు. మహమూద్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన మేధావి, యోగ్యతకు లోటు లేదు. అయినా ఆ ఏర్పాటు మొదటినుంచీ వెంట నడిచిన సహచరులను చీల్చింది. మౌల్వీ సమీవుల్లా ఖాన్ వంటివారు దూరమయ్యారు. 1898లో తండ్రి మరణించాక మహమూద్ ఆ పదవిలో ఎక్కువకాలం నిలవలేకపోయారు. విచిత్రమేమిటంటే మనవడు సర్ రాస్ మసూద్ 1929లో అదే అలీగఢ్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఈసారి రాసిపెట్టిన హక్కు ఏదీ లేదు. హైదరాబాద్ రాజ్యంలో విద్యాశాఖను ఏళ్ళ తరబడి నడిపి, ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనలో పాలుపంచుకొని, తనదైన అనుభవంతో తిరిగివచ్చారు. కలకత్తా విశ్వవిద్యాలయానికి 1906 నుంచి 1914 వరకు, మళ్ళీ 1921 నుంచి 1923 వరకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న సర్ ఆశుతోష్ ముఖర్జీ కుమారుడు శ్యామాప్రసాద్ 1934లో ముప్ఫైమూడేళ్ళ వయస్సులో అదే పదవి చేపట్టారు. తండ్రి పేరు ఆయనకు తోడ్పడలేదని ఎవరూ అనరు. కాని మధ్యలో పదకొండేళ్ళ ఎడం, ఇతరుల పాలన ఉన్నాయి. మీ అమ్మాయి ఇప్పుడు వేరే చోటికి వెళ్ళడాన్ని చూసి ఇక ఎప్పటికీ తిరిగిరాదని మీ నాన్నగారు తీర్మానించుకోవడం తొందరపాటు. ఎడం వచ్చిన చోటల్లా బంధం తెగలేదు.

ఇక ప్రవేశాల్లో మన్నన సంగతి. మీ ఇంట్లో ఎవరో అన్న ఆ మాటకు మూలం లేకపోలేదు. ఇది చాలా పాత కోరిక. ఆక్స్‌ఫర్డ్‌లో 1379లో న్యూ కాలేజీని స్థాపించిన విలియం ఆఫ్ వైకమ్, 1438లో ఆల్ సోల్స్ కాలేజీని స్థాపించిన ఆర్చ్‌బిషప్ చిచెలే ఇద్దరూ మతాధికారులు. సొంత సంతానం లేనందున తమ బంధువర్గానికి చెందినవారికి ప్రాధాన్యం ఇవ్వాలని నిబంధనల్లో రాయించారు. మొదటి రెండు మూడు తరాలు సాఫీగానే గడిచాయి. శతాబ్దాలు గడిచేకొద్దీ ‘వ్యవస్థాపకుని బంధువు’ అని రుజువు చేసుకోగలిగినవాళ్ళు వేలల్లో పుట్టుకొచ్చారు. ఆల్ సోల్స్ విషయంలో అలాంటి కుటుంబాల వంశవృక్షాలన్నీ కలిపి 1765లో ఒక పెద్ద గ్రంథమే అచ్చయింది. అదే కాలేజీ సభ్యుడైన న్యాయకోవిదుడు విలియం బ్లాక్‌స్టన్ 1750లో ఒక వ్యాసం రాసి, చుట్టరికానికి ఎక్కడో ఒక హద్దు ఉండాలని వాదించాడు. ఆ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు: ప్రతి మనిషికీ ఇద్దరు తల్లిదండ్రులు, నలుగురు తాతా అవ్వలు, పది తరాలు వెనక్కి వెళితే 1,024 స్థానాలు. ఇటునుంచి అటు చూసినా అంతే, ఒక మనిషి వంశం పది తరాల్లో ఊరంతా పాకుతుంది. ఆ ప్రత్యేక హక్కును 1850ల సంస్కరణలు తొలగించాయి.

అమెరికాలో ‘లెగసీ’ పేరిట, పూర్వ విద్యార్థుల పిల్లలకు ప్రవేశాల్లో ఇచ్చే ప్రాధాన్యం 1920ల ప్రాంతంలో బలపడింది. యూదు విద్యార్థుల సంఖ్య పెరగకుండా చూడాలన్న ఉద్దేశం దాని వెనుక ఉందని చరిత్రకారులు చెబుతారు. ప్రవేశాల విషయమై హార్వర్డ్ మీద నడిచిన కేసులో బయటపడిన వివరాల ప్రకారం, పూర్వ విద్యార్థుల పిల్లల్లో మూడోవంతుకు సీట్లు దొరకగా మిగతా దరఖాస్తుదారుల్లో ఆరు శాతం దరిదాపుల్లోనే దొరికాయి. ఆ కుటుంబాల పిల్లలు చదువుల్లోనూ ముందుంటారన్న వాదన ఉంది, అందులో కొంత నిజమూ ఉంది. అయినా అంత తేడాకు అది పూర్తి సంజాయిషీ కాదు. అయితే గాలి మారింది. జాన్స్ హాప్కిన్స్ 2014లోనే ఈ ప్రాధాన్యాన్ని చప్పుడు చేయకుండా ఆపేసి 2020లో బయటికి చెప్పింది. ఆమ్‌హర్స్ట్ కాలేజీ 2021లో ఆపేసింది. కొలరాడో రాష్ట్రం 2021లో, వర్జీనియా 2024లో తమ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నిషేధించాయి. కాలిఫోర్నియా 2024లో చేసిన చట్టం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. ఎంఐటీ వంటి చోట్ల అసలు దీన్ని లెక్కలోకే తీసుకోరు.

ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టి సీట్లు ఇచ్చే వ్యవస్థల్లో ఈ ప్రశ్నకు తావే లేదు. అలాంటి చోట నిధి ఇస్తూ సీటు ప్రస్తావన తేవడం వల్ల రెండు నష్టాలు: ఇచ్చిన నిధి దానం కాకుండా పోతుంది, స్వయంగా మార్కులు తెచ్చుకున్న పిల్ల మీద లేనిపోని అనుమానపు నీడ పడుతుంది. ధర్మనిధుల విభాగంలో ఉన్నప్పుడు ఇటువంటి ప్రస్తావన ఉత్తరంలో కనిపిస్తే మేము ఆ ఉత్తరాన్ని ముందుకు పంపేవాళ్ళం కాదు. సవరించి మళ్ళీ రాయమని దాతలకే తిరిగి పంపేవాళ్ళం. మాటసాయం దొరుకుతుందని ఎవరైనా మధ్యవర్తి చెబితే, ఆయనను మీ ఇంటి గడప తొక్కనివ్వకండి.

సరే, పతకం. ఇది మంచి ఆలోచనే, ఆలోచన కంటే ఆచరణలో ఎక్కువ జాగ్రత్త అవసరమైనది. ఆశుతోష్ ముఖర్జీ తన తల్లి పేరిట కలకత్తా విశ్వవిద్యాలయంలో జగత్తారిణి పతకాన్ని, అకాలమరణం చెందిన కుమార్తె కమల పేరిట ఉపన్యాసమాలను నెలకొల్పారు. జగత్తారిణి పతకాన్ని మొట్టమొదట అందుకున్నది రవీంద్రనాథ్ ఠాగోర్. తల్లి, కూతురు ఇద్దరూ విశ్వవిద్యాలయంలో చదివినవారు కారు, అయినా వారి పేర్లు ఆ సంస్థ చరిత్రలో ఉన్నాయి. మీ అమ్మాయి అక్కడ చదవకపోతే బంధం ఎలా ఉంటుందన్న మీ నాన్నగారి సందేహానికి సమాధానం ఇక్కడే ఉంది.

అయితే పతకాల నిధులు నా కళ్ళముందే కరిగిపోవడం చూశాను. ఒక కుటుంబం ఇచ్చిన పతకం తొలి ఏళ్ళలో నిజంగానే బంగారం. వడ్డీ స్థిరంగా ఉండి బంగారం ధర పెరుగుతూ పోవడంతో కొన్నాళ్ళకు బరువు తగ్గించారు, తరవాత వెండిమీద బంగారు పూత వేయించారు, చివరికి ధ్రువపత్రం మీద ‘స్వర్ణ పతకం’ అన్న అక్షరాలు మాత్రం మిగిలాయి. ఇందులో ఎవరి మోసమూ లేదు, గణితం మాత్రమే ఉంది. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్ళలో డబ్బు కొనుగోలు శక్తి సగమవుతుంది, ఇరవైనాలుగేళ్ళకు పావువంతు. వచ్చిన వడ్డీ మొత్తం ఏటా ఖర్చుపెట్టేస్తే అసలు ఎప్పటికీ అంతే ఉండి లోలోపల చిక్కిపోతుంది. అందుకే పెద్ద నిధులు నడిపే విశ్వవిద్యాలయాలు గత కొన్నేళ్ళ సగటు విలువలో 4 నుంచి 5 శాతం మాత్రమే ఖర్చుచేసి మిగిలిన ఆదాయాన్ని అసలుకు కలుపుతాయి. మీరు రాయించే దానపత్రంలో, ఆదాయంలో ఇంత భాగం తప్పనిసరిగా మూలధనంలో కలపాలన్న ఒక్క వాక్యం చేర్పించండి. వీలైతే లోహాన్ని వదిలిపెట్టి, అదే డబ్బుతో ఒక పేద విద్యార్థికి పుస్తకాలకో పరీక్ష రుసుముకో సాయం చేసే బహుమతిగా మార్చండి. గోడకు తగిలించే పతకం కంటే, పరీక్ష రుసుము కట్టలేక ఆగిపోయే విద్యార్థికి అందిన సాయం ఎక్కువకాలం గుర్తుంటుందని నా నమ్మకం. ఇందులో నాతో విభేదించే సహోద్యోగులు నాకు చాలామందే ఉన్నారు.

షరతుల విషయంలో ఇంకా జాగ్రత్త. దాతలకు తమ కాలం శాశ్వతమనిపిస్తుంది. కొలంబియా విశ్వవిద్యాలయానికి 1920లో లిడియా రాబర్ట్స్ పేరిట వచ్చిన ఒక ఫెలోషిప్, అయోవా రాష్ట్రానికి చెందిన శ్వేతజాతీయులకే ఇవ్వాలనీ, దాన్ని పొందినవారు న్యాయశాస్త్రం, వైద్యం, పశువైద్యం, దంతవైద్యం, మతశాస్త్రం చదవకూడదనీ నిర్దేశించింది. కాలం మారాక ఆ డబ్బును ఇవ్వడానికి లేదు, మానడానికి లేదు. చివరికి 2013లో షరతులు తొలగించమని కోర్టును ఆశ్రయించవలసి వచ్చింది. అంత ఘోరమైన షరతు మీరు రాయరు. కాని ‘ఫలానా శాఖలో ఫలానా పేపరులో మొదటి స్థానం’ అని రాస్తే, రేపు ఆ పేపరే ఎత్తివేయవచ్చు, శాఖనే మరో శాఖలో కలిపేయవచ్చు. ‘ఆ విషయం బోధన ఆగిపోతే, దానికి అత్యంత దగ్గరగా ఉన్న విషయానికి పాలక మండలి మార్చవచ్చు’ అన్న వెసులుబాటు పత్రంలోనే ఉంచండి. మీ కుటుంబసభ్యులకో, కులానికో, స్వస్థలానికో పరిమితం చేయకండి.

నిర్ణయాధికారం కుటుంబం దగ్గర ఎంత ఉండాలన్నది మరో చిక్కుముడి. పదిహేనేళ్ళ ఒక్కగానొక్క కొడుకు 1884లో టైఫాయిడ్‌తో చనిపోతే, అతని పేరిట లీలండ్, జేన్ స్టాన్‌ఫర్డ్ దంపతులు స్థాపించిన విశ్వవిద్యాలయం 1891లో తెరుచుకుంది. అంతకుమించిన త్యాగం ఉండదు. అదే జేన్ స్టాన్‌ఫర్డ్ భర్త మరణం తరవాత, తనకు నచ్చని అభిప్రాయాలు వెలిబుచ్చుతున్నాడని ఎడ్వర్డ్ రాస్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుణ్ణి 1900లో పదవినుంచి తప్పించేలా చేసింది. నిరసనగా మరికొందరు ఆచార్యులు రాజీనామా చేశారు. ప్రిన్స్‌టన్‌కు 1961లో మూడున్నర కోట్ల డాలర్ల విరాళం ఇచ్చిన రాబర్ట్‌సన్ దంపతుల వారసులు, తల్లిదండ్రుల ఉద్దేశం నెరవేరడం లేదంటూ 2002లో విశ్వవిద్యాలయం మీద దావా వేశారు. ఆరేళ్ళ తరవాత 2008లో రాజీ కుదిరేసరికి ఇరువైపులా న్యాయవాదులకు అయిన ఖర్చు ఎన్నో కోట్ల డాలర్లు. ఒకనాటి ప్రేమ కోర్టు కాగితాలుగా మారింది. అందుకని ఏటా ఎవరికి ఇచ్చారో తెలిపే ఉత్తరం, మూడు నాలుగేళ్ళకోసారి నిధి లెక్క, ఈ రెండింటినీ కుటుంబం కోరవచ్చు, కోరాలి కూడా. ఎంపికలో వేలుపెట్టకూడదు.

ఇప్పుడు పెట్టె దగ్గరికి వద్దాం. అసలు విషయం ఇదే కాబట్టి కొంచెం సావకాశంగా రాస్తాను.

డార్విన్ కుటుంబాన్ని చూడండి. చార్లెస్ కేంబ్రిడ్జ్‌లో చదివింది 1828 నుంచి 1831 వరకు మాత్రమే; అక్కడ ఎన్నడూ పాఠం చెప్పలేదు. కొడుకు జార్జ్ 1883లో అక్కడ ఖగోళశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఇంకో కొడుకు ఫ్రాన్సిస్ వృక్షశాస్త్రం బోధించాడు. మరో కొడుకు హొరేస్ విశ్వవిద్యాలయంలో కొలువు చేయకుండా, ఆ ఊళ్ళోనే ప్రయోగశాలలకు పరికరాలు తయారుచేసే సంస్థను నడిపాడు. జార్జ్ కొడుకు చార్లెస్ గాల్టన్ డార్విన్ భౌతికశాస్త్రవేత్త. ఆయన 1962 చివరిరోజున మరణించాక ఆ కుటుంబం నివసించిన నదీతీరపు ఇల్లే 1964లో డార్విన్ కాలేజీగా రూపుదిద్దుకుంది. ఇవన్నీ గొప్ప విషయాలే. కాని ఆ కుటుంబాన్ని కేంబ్రిడ్జ్‌తో విడదీయరాకుండా ముడివేసింది విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చేరిన కాగితాలు. చార్లెస్ రాసిన, అందుకున్న ఉత్తరాలను కాలక్రమంలో పరిష్కరించి ప్రచురించడం 1985లో మొదలుపెడితే ముప్ఫై సంపుటాలు అయ్యేసరికి ముప్ఫైఏడు, ముప్ఫైఎనిమిదేళ్ళు పట్టింది. ఆ కాగితాల్లో నాకు అన్నిటికంటే నచ్చేది వేరు. ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ రాతప్రతిలో చాలా పుటలు పోయాయి. అచ్చయ్యాక వాటి అవసరం లేదని ఆయన అనుకున్నాడు. మిగిలిన కొద్ది పుటల్లో కొన్ని ఎలా బతికాయంటే, వెనకవైపు ఖాళీగా ఉన్న కాగితాలను పిల్లలకు బొమ్మలు వేసుకోవడానికి ఇచ్చారు. కూరగాయల సైనికులు, పళ్ళ సైనికులు యుద్ధం చేస్తున్న రంగుల బొమ్మ ఒకవైపు. ప్రపంచాన్ని కుదిపిన వాదపు వాక్యాలు రెండోవైపు. పిల్లల బొమ్మలని ఇంట్లో దాచుకోబట్టి ఆ వాక్యాలు దక్కాయి.

మీ ముత్తాతగారి పెట్టెలో ఏముందో నాకు తెలియదు గాని, ఏముంటే ఏం పనికివస్తుందో చెప్పగలను. పట్టాలు, సన్మాన పత్రాలు, శాలువా ఫొటోలు భద్రపరిచే విభాగానికి పెద్దగా అక్కరలేదు. పట్టా వివరం వాళ్ళ రిజిస్టర్‌లోనే ఉంటుంది. పాఠాలకోసం రాసుకున్న నోట్సు, విద్యార్థుల హాజరు జాబితాలు, ప్రయోగశాలకు సామాను కావాలని రాసిన ఉత్తరాల నకళ్ళు, సహోద్యోగులతో వాదులాడిన ఉత్తరాలు, పాత ప్రశ్నపత్రాలు, హాస్టల్ ఖర్చుల చిట్టా, ఇవీ వాళ్ళు కళ్ళకద్దుకునేవి. ఒకసారి మా దగ్గరికి వచ్చిన ఒక పాఠాల నోట్‌బుక్కులో, ఒకే పాఠం పక్కన ప్రతి ఏడూ వేర్వేరు సిరాలతో చిన్న చిన్న గమనికలు ఉన్నాయి: ‘ఇక్కడ ఆగుతున్నారు’, ‘ఉదాహరణ మార్చాలి’, మరో ఏడాది ‘కొత్త ఉదాహరణ బాగా ఎక్కింది’. ఆ శాఖలో బోధన ఎలా మారుతూ వచ్చిందో చెప్పే ఆధారం అది తప్ప మరొకటి దొరకలేదు. దాన్ని తెచ్చిన కుటుంబం మాత్రం కొట్టివేతలున్న రఫ్ పుస్తకమని సిగ్గుపడుతూ తెచ్చింది.

కనుక మీరు సర్దే పని పెట్టుకోకండి. తేదీల ప్రకారం అమర్చాలని, మంచివి ఏరి మిగతావి పారేయాలని అనిపిస్తుంది, రెండూ వద్దు. ఆయన ఏ కాగితాన్ని ఏ కాగితం పక్కన పెట్టుకున్నారన్నదీ ఒక ఆధారమే. లామినేషన్ చేయించకండి, చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి. ఆ జిగురు కాలక్రమంలో పసుపు మరకై కాగితాన్ని తినేస్తుంది. తుప్పు పట్టిన గుండుసూదులు, క్లిప్పులు కాగితం చిరగకుండా వస్తే తీయండి, లేకుంటే వాళ్ళకు వదిలేయండి. అటకమీద ఎండాకాలపు వేడి, వానాకాలపు చెమ్మ రెండూ తగులుతాయి. ఈ వారమే దాన్ని ఇంటి లోపలి గదిలోకి, నేలకు కాస్త ఎత్తులో, గోడకు ఆనకుండా దించండి. ఫొటోల వెనక ఉన్నవాళ్ళ పేర్లు మెత్తని పెన్సిలుతో నెమ్మదిగా రాయండి, బాల్ పెన్నుతో కాదు. పేర్లు చెప్పగలిగేది మీ నాన్నగారొక్కరే అయివుంటారు కాబట్టి ఆ పని ఆయన పక్కన కూర్చొని చేయండి. ఆయన చెప్పే కబుర్లను ఫోనులో రికార్డు చేయండి. బంధం తెగిపోతోందని బాధపడుతున్న మనిషికి అంతకంటే మంచి పని మీరు అప్పగించలేరు.

ఇచ్చేముందు విశ్వవిద్యాలయంతో లిఖితపూర్వకంగా తేల్చుకోవలసినవి ఉన్నాయి. శాశ్వత దానమా, భద్రపరచడానికి అప్పగింతా అన్నది మొదటిది. అప్పగింత అయితే తరవాతి తరం వచ్చి వెనక్కి అడిగే వీలుంటుంది, ఆ కారణంగానే చాలా సంస్థలు దానాన్నే కోరతాయి. అచ్చుకాని రాతలమీద కాపీహక్కు ఎవరిదన్నది రెండోది. కాగితం ఇచ్చినంత మాత్రాన హక్కు దానంతట అదే బదిలీ కాదు, విడిగా రాయాలి. బతికున్నవారి ఆరోగ్యం, అప్పులు, ఇంటి తగాదాలు ప్రస్తావించే ఉత్తరాలను ఇన్నేళ్ళ వరకు తెరవకూడదని గడువు పెట్టవచ్చు. స్కాన్ చేసిన నకలు ఒకటి కుటుంబానికి ఇవ్వాలని అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు. అక్కడ సరైన సదుపాయం లేదని మీరు స్వయంగా చూసి గ్రహిస్తే మొహమాటపడకుండా రాష్ట్ర ప్రభుత్వ ఆర్కైవ్స్‌ను గాని మంచి పరిశోధన గ్రంథాలయాన్ని గాని సంప్రదించండి. విశ్వవిద్యాలయం మీద అభిమానంతో కాగితాలను చెదలకు అప్పగించనక్కరలేదు.

మూడు తరాల చదువుల వివరం కూడా ఈ సందర్భంలోనే రాబట్టండి. పాత వార్షిక కేలండర్లలో, స్నాతకోత్సవ జాబితాల్లో, ప్రవేశ రిజిస్టర్లలో పేరు, సంవత్సరం, శాఖ దొరుకుతాయి. కేంబ్రిడ్జ్‌లో చదివినవారందరి జీవిత వివరాలను తొలి రోజులనుంచి 1900 దాకా సేకరించిన పది సంపుటాల మహాజాబితా తండ్రీ కొడుకుల పనే. తర్కశాస్త్రంలో వెన్ చిత్రాలకు పేరిచ్చిన జాన్ వెన్ దాన్ని మొదలుపెట్టగా, మొదటి సంపుటం 1922లో వెలువడింది. మరుసటి ఏడు ఆయన మరణించాక కొడుకు జాన్ ఆర్చిబాల్డ్ వెన్ కొనసాగించి 1954కు పూర్తిచేశాడు. అటువంటి జాబితా లేని చోట అర్జీ పెట్టుకొని ఓపికగా అడగాలి. సంవత్సరం తెలిస్తే పని తేలిక, తెలియకపోతే పట్టామీది తేదీ చూడండి.

అమ్మాయి విషయం ఇక ఎక్కువ చెప్పను. కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రానికి విద్యార్థులు వాడుకునే ప్రయోగశాల లేని రోజుల్లో నీల్స్ బోర్ తన తొలి ప్రయోగాలను అక్కడే శరీరధర్మశాస్త్ర ఆచార్యుడైన తండ్రి ప్రయోగశాలలో చేశాడు. ఇంట్లో ఆ తలుపు తెరిచివుండడం ఆయనకు దక్కిన వారసత్వం. తండ్రి విషయాన్నే చదవాలన్న నిర్బంధం లేదు. మీ అమ్మాయికి ముత్తాతగారి నోట్సు చదవాలనిపిస్తే ఏ విశ్వవిద్యాలయంలో ఉన్నా వచ్చి చదువుకుంటుంది, సెలవుల్లో ఆ పెట్టెలోని వస్తువుల జాబితా రాయడానికి ఆమె సాయం అడగండి. ఇష్టముంటే చేస్తుంది.

ముందుగా చేయవలసింది ఒక ఉత్తరం. గ్రంథాలయాధిపతికి గాని, విశ్వవిద్యాలయంలో ప్రత్యేకంగా ఆర్కైవ్స్ విభాగం ఉంటే దాని అధికారికి గాని రాయండి. వైస్ ఛాన్సలర్‌కు రాస్తే ఉత్తరం సన్మాన సభ ఏర్పాటు దిశగా వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. ముత్తాతగారి పేరు, శాఖ, పనిచేసిన సంవత్సరాలు, పెట్టె కొలతలు, పైపైన కనిపించిన కాగితాల రకాలు ఒక పేజీలో రాసి, రెండు మూడు ఫొటోలు జతచేసి, ఎవరైనా వచ్చి చూడగలరా అని అడగండి. పతకం సంగతి ఆ ఉత్తరంలో ఎత్తకండి. అది వేరే విభాగం, వేరే దస్త్రం. రెండూ ఒకే ఫైలులో పడితే ఏదీ కదలదు.